మొహాకుల పొలం, అడవి, నది

మొహాక్ అన్నది వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. వాళ్ళతో పడని పొరుగు తెగలు పెట్టిన పేరు. మనుషుల్ని తినేవాళ్ళు అని తిట్టుగా అన్న మాటను డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు విని రాసుకున్నారు, అదే పుస్తకాల్లో నిలిచిపోయింది. వాళ్ళను అడిగితే గన్యెన్‌గెహాగా అని చెబుతారు. చెకుముకి రాతి నేల ప్రజలు అని అర్థం. మనలో గోండులకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. వాళ్ళు తమను కోయ్‌తూర్ అనుకుంటారు, రికార్డులో మాత్రం గోండు అని ఉంటుంది. ఈ వ్యాసంలో నేను మొహాక్ అనే రాస్తాను, ఎందుకంటే చదివేవాళ్ళు ఇంకా వివరం కావాలని వెతుక్కుంటే ఆ పేరుతోనే దొరుకుతుంది.

వాళ్ళ పాత నేల ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న మొహాక్ నది లోయ. ఉత్తరాన అడిరోండాక్ కొండలు, వాటిని దాటితే సెయింట్ లారెన్స్ మహానది. ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే నాలుగు జాతులతో కలిసి వీళ్ళు ఒక పెద్ద కూటమిగా ఏర్పడ్డారు. 18వ శతాబ్దం మొదట్లో టస్కరోరాలు వచ్చి చేరాక ఆరు జాతులయ్యాయి. తెల్లవాళ్ళు ఇరోక్వా అన్నారు. వాళ్ళు హోదెనొషోనీ అంటారు, పొడవాటి ఇంటి ప్రజలు అని. కూటమి మొత్తాన్ని ఒకే పొడవాటి ఇల్లుగా ఊహించుకుంటే, అందులో తూర్పు గుమ్మం కాపలా మొహాకులది.

శిక్షణ కాలేజీలో మేము చదివిన పాఠాల్లో మనిషి చరిత్ర ఒక నిచ్చెనలాగా ఉండేది. కింది మెట్టు వేట, సేకరణ. దాని మీద పశుపోషణ. ఆ పైన వ్యవసాయం. చిట్టచివర పట్నం. ఆదివాసులు ఎప్పుడూ కింది మెట్టు దగ్గరే. ఈ నిచ్చెనను గట్టిగా కట్టినవాళ్ళలో లూయిస్ హెన్రీ మోర్గన్ ఒకడు. 1877లో వచ్చిన అతని 'ప్రాచీన సమాజం' పుస్తకం చదివే ఏంగెల్స్ 1884లో కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయో రాశాడు. ఆ ఏంగెల్స్ పుస్తకం తెలుగులో మన ఊళ్ళదాకా వచ్చింది. చిత్రం ఏమిటంటే, మోర్గన్ ఈ విద్య నేర్చుకున్నది ఇరోక్వా ప్రజల దగ్గరే. ఎలీ పార్కర్ అనే సెనెకా యువకుడు అతనికి స్నేహితుడై తన జాతి కట్టుబాట్లన్నీ చెప్పాడు. అవి విని రాసుకున్న మనిషే తర్వాత వాళ్ళను తన నిచ్చెనలో అనాగరిక దశ కింది మెట్టు మీద కూర్చోబెట్టాడు.

మొహాకుల బతుకు ఆ నిచ్చెనకు అసలు సరిపోదు. వాళ్ళు వేటాడారు, ఏరుకొచ్చారు, చేపలు పట్టారు, పెద్ద ఎత్తున పంట పండించారు. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒకే ఏడాదిలో, ఒకే ఇంటివాళ్ళు.

ముందు ఇంటి గురించి చెప్పాలి. ఎందుకంటే పొలం ఎవరిదో ఇంటిని బట్టే తెలుస్తుంది. కర్రలు పాతి, వంచి కట్టి, పైన ఎల్మ్ చెట్టు బెరడు పలకలు కప్పిన పొడవాటి ఇల్లు. 1634 డిసెంబరులో వాన్ డెన్ బోగార్ట్ అనే డచ్చి కుర్రవాడు, వృత్తికి మంగలి వైద్యుడు, మంచులో నడిచి మొహాక్ ఊళ్ళకు వెళ్ళి దినచర్య రాశాడు. అతను చూసిన మొదటి ఊళ్ళో 36 ఇళ్ళు వీధుల్లాగా వరసగా ఉన్నాయట. కొన్ని ఇళ్ళ పొడవు 80, 90, వంద అడుగులు వేసినంత. ఇంటి మధ్యలో వరసగా పొయ్యిలు, ఒక్కో పొయ్యికి అటు ఒక కుటుంబం, ఇటు ఒక కుటుంబం. ఆ ఇంట్లో ఉండేవాళ్ళంతా ఒక తల్లి వంశంవాళ్ళు. పెళ్ళయితే మగవాడు భార్య ఇంటికి వెళ్ళేవాడు. పిల్లలది తల్లి గోత్రం. మొహాకుల్లో గోత్రాలు మూడే: తాబేలు, తోడేలు, ఎలుగుబంటి. గోత్రంలో పెద్ద తల్లి ఉంటుంది. పెద్దమనిషిని ఎన్నుకునేది ఆమె, దారి తప్పితే పదవి నుంచి దించేది కూడా ఆమే.

పొలం ఆడవాళ్ళది. విత్తనం వాళ్ళది, పంట వాళ్ళది, గాదె తాళం అనుకోండి, అదీ వాళ్ళదే. మగవాళ్ళు దూరం వేటకో యుద్ధానికో పోవాలంటే దారిలో తినడానికి పిండి ఇవ్వాల్సింది ఆడవాళ్ళు. వాళ్ళకు ఇష్టం లేని యుద్ధానికి పిండి దొరక్కపోవచ్చు. ఓటు హక్కు లేని కాలంలో ఇంతకంటే పెద్ద ఓటు ఏముంటుంది?

పొలం చేసే పద్ధతి ఇలా ఉండేది. అడవిలో మంచి నేల చూసుకొని మగవాళ్ళు పెద్ద చెట్ల మొదట్లో చుట్టూ బెరడు వలిచేవాళ్ళు. చెట్టు నిలబడే ఎండిపోతుంది. ఆకు రాలి ఎండ నేల మీద పడుతుంది. చిన్న చెట్లు, కంప నరికి కాల్చేవాళ్ళు. బూడిద నేలలో కలిసేది. పోడు కొట్టినవాళ్ళకు ఇదంతా కళ్ళముందు కనపడుతుంది. అక్కడితో మగవాళ్ళ పని దాదాపు అయిపోయేది. తర్వాత అంతా ఆడవాళ్ళే. నాగలి లేదు, లాగే పశువు లేదు. కర్రతోనో, జింక భుజం ఎముకను కర్రకు కట్టిన తవ్వుకోలుతోనో మట్టిని చిన్న చిన్న గుట్టలుగా పోసేవాళ్ళు. గుట్టకీ గుట్టకీ మధ్య ఒక అంగ దూరం. చెట్ల చిగుళ్ళు చూసి, మంచు పడే రోజులు పోయాయని తేల్చుకొని విత్తేవాళ్ళు. విత్తే ముందు మొక్కజొన్న గింజల్ని కొన్ని మూలికల కషాయంలో నానబెట్టేవాళ్ళు. కాకులు తవ్వి తినకుండా అది కాపాడుతుందని వాళ్ళ నమ్మకం.

గుట్ట మీద మొక్కజొన్న మొలిచి కాస్త నిలదొక్కుకున్నాక దాని పక్కనే చిక్కుడు. గుట్టల మధ్య గుమ్మడి. ఈ మూడింటినీ వాళ్ళు ముగ్గురు అక్కచెల్లెళ్ళు అంటారు. మొక్కజొన్న కర్రలాగా నిలబడితే చిక్కుడు తీగ దాన్ని పట్టుకొని పాకుతుంది. చిక్కుడు వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. ఇది సైన్సు పుస్తకంలో మనం చెప్పే పాఠమే. గుమ్మడి ఆకులు గొడుగుల్లా పరుచుకొని నేల ఆరిపోకుండా, కలుపు రాకుండా చూస్తాయి. కడుపులో కూడా ఆ జత చెడదు. మొక్కజొన్న మాంసకృత్తుల్లో ఉన్న లోటును చిక్కుడు పూరిస్తుంది. వాళ్ళ సృష్టి కథలో ఆకాశం నుంచి దిగిన స్త్రీ కూతురు ప్రసవంలో చనిపోతుంది. ఆమెను పూడ్చిన చోట ఈ మొక్కలు మొలిచాయని చెబుతారు. కథ చెప్పేవాళ్ళను బట్టి వివరాలు మారుతుంటాయి కానీ పంట తల్లి శరీరం నుంచి వచ్చిందన్న మాట మారదు.

పని గుంపుగా చేసేవాళ్ళు. పెద్దావిడ ఒకరిని పనికి నాయకురాలిగా పెట్టుకొని ఒక పొలం అయ్యాక ఇంకో పొలానికి వెళ్ళేవాళ్ళు. జబ్బు పడినవాళ్ళ పొలం కూడా ఆ వరసలోనే అయిపోయేది. కోత అయ్యాక కంకుల పొట్టును జడలాగా అల్లి ఇంటి కప్పు కింద వేలాడదీసేవాళ్ళు. ఒలిచిన గింజలు బెరడు డబ్బాల్లో, బెరడు పరిచిన పాతర్లలో దాచేవాళ్ళు. బోగార్ట్ ఇళ్ళల్లో కప్పుదాకా మొక్కజొన్న చూశాడు. ఒక్కో ఇంట్లో వందల బుషెళ్ళు ఉందని రాశాడు. అడవిలో తిరిగే వేటగాళ్ళ గుడిసెల్లో కనిపించే దృశ్యం కాదది.

గింజను తినే ముందు ఒక పని చేసేవాళ్ళు. దాన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది. గట్టి కట్టె కాల్చిన బూడిద నీళ్ళలో వేసి, ఆ నీళ్ళలో గింజలు ఉడకబెట్టేవాళ్ళు. పై పొట్టు ఊడివస్తుంది. దీనికోసమే అల్లిన బుట్టలో వేసి నీళ్ళలో జాడిస్తే పొట్టు పోయి గింజ తెల్లగా మిగులుతుంది. తర్వాత చెట్టు మొద్దు తొలిచిన రోట్లో, రెండు వైపులా లావుగా ఉన్న రోకలితో ఇద్దరు ముగ్గురు కలిసి దంచేవాళ్ళు. ఆ పిండిలో చిక్కుడు గింజలు కలిపి, ముద్దలు చేసి నీళ్ళలో ఉడికిస్తే రొట్టె. బూడిద ఎందుకు? మొక్కజొన్నలో నియాసిన్ అనే విటమిన్ ఉన్నా మన ఒంటికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. బూడిద నీళ్ళు దాన్ని విడదీస్తాయి. యూరోపువాళ్ళు మొక్కజొన్నను తీసుకెళ్ళారు కానీ ఈ పద్ధతిని వదిలేశారు. ఫలితంగా ఇటలీ ఉత్తర భాగంలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తప్ప వేరే తిండి లేని పేదలు పెల్లాగ్రా జబ్బుతో వేలల్లో చనిపోయారు. చర్మం పగలడం, విరేచనాలు, మతి చలించడం దాని లక్షణాలు. జొన్న మాత్రమే తినే దక్కన్ పేదల్లో కూడా ఆ జబ్బు కనిపిస్తే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు పరిశోధన చేశారు. విత్తనం మాత్రమే పట్టుకెళ్ళి, దాన్ని వండే ఆడవాళ్ళ తెలివిని వదిలేస్తే జరిగిందది.

పది, ఇరవై ఏళ్ళకు ఒకసారి ఊరు మొత్తం కొన్ని మైళ్ళ దూరానికి మారేది. దగ్గర్లో వంటచెరకు అయిపోయేది, ఇళ్ళ బెరడు, కర్రలు పుచ్చిపోయేవి, పురుగులు పెరిగేవి. భూసారం తగ్గడం వల్లే మారేవాళ్ళని చాలాకాలం రాశారు. నరికి కాల్చి, నేలను పీల్చి వదిలేసి పోయే సేద్యం అని పేరు పెట్టారు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో నేల శాస్త్రం చదివి చెప్పిన జేన్ మౌంట్ ప్లెజెంట్ దీన్ని తిరిగి పరిశీలించింది. ఆమె టస్కరోరా సంతతి మనిషి. నాగలి పెట్టి నేలను తిరగేయకపోవడం వల్లే ఆ నేలలోని సారం చాలా ఏళ్ళు నిలిచిందని, 17, 18 శతాబ్దాల్లో యూరోపు గోధుమ రైతు ఎకరాకు పండించినదానికి మూడు నుంచి ఐదు రెట్లు ధాన్యం ఈ ఆడవాళ్ళు పండించి ఉంటారని ఆమె లెక్క తేల్చింది. నాగలి లేకపోవడం వెనకబాటు అనుకున్నవాళ్ళు నేల వైపు చూడలేదన్నమాట.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత మన కొండల్లో పోడు కూడా నేరమైంది. పోడు అంతా మంచిదే అని నేను అనను. జనం పెరిగి, అడవి కుదించి, నేలకు విశ్రాంతి ఇచ్చే ఏళ్ళు తగ్గినచోట పోడు నేలను తినేస్తుంది, అది మనవాళ్ళకే ముందు తెలుస్తుంది. కానీ విశ్రాంతి ఏళ్ళు ఎవరి వల్ల తగ్గాయి అన్న ప్రశ్న కూడా అడగాలి.

కోత అయ్యాక, చలికాలం మొదట్లో వేట. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఊళ్ళో ఉంటే, మగవాళ్ళు, వాళ్ళతోపాటు చాలామంది ఆడవాళ్ళు అడిరోండాక్ అడవుల్లోకి వెళ్ళి చలికాలం నడిమిదాకా ఉండేవాళ్ళు. ముఖ్యంగా జింక. విల్లంబులతో, ఉచ్చులతో, బరువైన దుంగ మీద పడేలా పెట్టే బోనులతో వేటాడేవాళ్ళు. గుంపు వేట ఇంకో రకం. కర్రల దడి రెండు వైపులా కట్టి, చివరకు ఇరుకుగా కలిపి, జనం కేకలు వేస్తూ జింకల్ని అందులోకి తోలేవాళ్ళు. మొహాకులకు భాషలో, బతుకులో దగ్గరివాళ్ళైన హ్యురాన్లతో కలిసి 1615లో ఫ్రెంచివాడు షాంప్లేన్ ఇలాంటి వేట చూశాడు. 38 రోజుల్లో 120 జింకలు పడ్డాయని రాశాడు. మంచు గట్టిపడ్డాక కాళ్ళకు జల్లెడలాంటి మంచు చెప్పులు కట్టుకొని వెంటాడేవాళ్ళు. జింక కాళ్ళు మంచులో దిగబడతాయి, వీళ్ళవి దిగబడవు.

జింకలో పారేసేది తక్కువ. తోలును దాని మెదడుతోనే రుద్ది మెత్తగా చేసి బట్టలు, చెప్పులు కుట్టేవాళ్ళు. నరం దారం, ఎముక సూది, భుజం ఎముక పొలంలో తవ్వుకోలు. అంటే వేట లేకపోతే సేద్యానికి పనిముట్టు లేదు, సేద్యం లేకపోతే వేటగాడి సంచిలో పిండి లేదు. వేయించి దంచిన మొక్కజొన్న పిండిలో మేపుల్ చక్కెర కలుపుకొని వెళ్ళేవాళ్ళు. గుప్పెడు నోట్లో వేసుకొని నీళ్ళు తాగితే పూటకు సరిపోతుంది. ఎలుగుబంటి కొవ్వు వంటకు, ఒంటికి, తలకు. బీవర్ అనే నీటి జంతువు మాంసానికి, బొచ్చుకు. వసంతంలో అడవి పావురాలు లక్షల కొద్దీ వచ్చి గూళ్ళు కట్టేవి. ఎగరలేని పిల్లల్ని పట్టుకునేవాళ్ళు. ఎన్నో తరాలు ఇలా తిన్నా ఆ పావురాలు తగ్గలేదు. 19వ శతాబ్దంలో రైళ్ళు, టెలిగ్రాఫు వచ్చాక తెల్ల వ్యాపారులు పట్నాలకు బళ్ళకొద్దీ పంపడం మొదలుపెట్టారు. ఆ జాతిలో చివరి పావురం 1914లో సిన్సినాటి జంతుశాలలో చచ్చిపోయింది.

వేట నేల ఎవరిది? దీనికి వాళ్ళ దగ్గర ఒక మాట ఉంది: ఒకే గిన్నె, ఒకే గరిటె. వేట నేల అందరి ముందు పెట్టిన ఒక గిన్నె. అందులో బీవర్ తోక మాంసం ఉంది. అందరూ ఒకే గరిటెతో తినాలి. గిన్నె దగ్గరకు కత్తి తేకూడదు, ఎందుకంటే కత్తి ఉంటే ఎవరికో ఒకరికి తెగుతుంది. ఎవరికి కావలసినంత వాళ్ళు తీసుకోవాలి, పక్కవాడికి మిగల్చాలి, గిన్నె శుభ్రంగా ఉంచాలి. ఇది నీతి కథ కాదు, ఒప్పందం. ఈ మాట మీద జాతుల మధ్య రాజీలు జరిగాయి, పూసల పట్టీల మీద అల్లి దాచుకున్నారు. ఆ ఒప్పందం చాలాసార్లు తెగిందని కూడా చెప్పాలి. దాని సంగతి కిందికి వస్తుంది.

సేకరణ వసంతం ముందే మొదలయ్యేది. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో మేపుల్ చెట్టుకు గాటు పెడితే తియ్యటి నీరు కారుతుంది. మన జీలుగు, తాటి గీసేవాళ్ళకు ఆ పని చెబితే వెంటనే అర్థమవుతుంది, కాకపోతే వాళ్ళు కల్లు చేసుకోలేదు, కాచి పాకం, చక్కెర చేసుకున్నారు. చెట్లన్నిటికీ పెద్ద మేపుల్ అని వాళ్ళ మాట. అది మేల్కొంటే ఏడాది మేల్కొన్నట్టు. జూన్‌లో అడవి స్ట్రాబెర్రీ, ఏడాదిలో మొదటి పండు, దానికొక పండుగ. వాటి తర్వాత రకరకాల రేగుపండ్లలాంటివి ఎండబెట్టి దాచుకునేవాళ్ళు. బోగార్ట్‌కు పెట్టిన రొట్టెలో గింజ పప్పులు, ఎండు పండ్లు, పొద్దుతిరుగుడు గింజలు ఉన్నాయి. ఆకు రాలే కాలంలో హికరీ, అక్రోటు, చెస్ట్‌నట్ కాయలు ఏరి, దంచి, నీళ్ళలో కాచి పాలలాంటి రసం తీసేవాళ్ళు. పసిపిల్లలకు అది పట్టేవాళ్ళు. నీటి ఒడ్డున దొరికే దుంపలు, మందు మొక్కలు వేరే. మందు మొక్క తీసే ముందు పొగాకు పెట్టి, ఎందుకు తీస్తున్నారో ఆ మొక్కకు చెబుతారు. నదిలో ఈల్ చేప, స్టర్జన్, సాల్మన్. రాళ్ళతో కట్టలు కట్టి, వలలతో, ఈటెలతో పట్టేవాళ్ళు.

ఈ పనులన్నిటికీ ఏడాది పొడవునా పండుగలున్నాయి. మేపుల్‌కు, ఉరుముకు, విత్తనానికి, స్ట్రాబెర్రీకి, పచ్చి మొక్కజొన్నకు, కోతకు, చలికాలం నడిమికి. ఏ సభ మొదలైనా ముందు ఒక పెద్ద కృతజ్ఞతా వచనం చెబుతారు. మనుషులతో మొదలుపెట్టి, నేల, నీళ్ళు, చేపలు, మొక్కలు, జంతువులు, చెట్లు, పక్షులు, గాలులు, ఉరుములు, సూర్యచంద్రులు, చుక్కలు అని వరసగా ఒక్కొక్కరికి ధన్యవాదం చెప్పుకుంటూ పోతారు. టీచరుగా నాకు అది మంచి పర్యావరణ పాఠ్య ప్రణాళికలాగా కనిపిస్తుంది. ఏ జీవి ఎవరి మీద ఆధారపడి ఉందో పిల్లవాడికి నోటికి వచ్చేస్తుంది.

ఇక తెగిన సంగతి. 1609లో షాంప్లేన్, మొహాకుల శత్రు జాతులతో కలిసి ఒక సరస్సు ఒడ్డున తుపాకీ పేల్చి మొహాక్ నాయకుల్ని చంపాడు. ఆ సరస్సుకు ఇప్పుడు అతని పేరే. 1614లో డచ్చివాళ్ళు దగ్గర్లో కోట కట్టి వ్యాపారం మొదలుపెట్టారు. వాళ్ళకు కావలసింది బీవర్ బొచ్చు, యూరోపులో టోపీలకు. బదులుగా ఇనప గొడ్డలి, రాగి కుండ, బట్ట, తర్వాత తుపాకీ. కుండ వచ్చాక మట్టికుండ చేయడం తగ్గింది. తిండికోసం కొన్ని బీవర్లు పట్టినచోట ఇప్పుడు వందలు పట్టారు. తమ అడవిలో అవి అయిపోయాయి. అప్పుడు పక్క జాతుల వేట నేలల మీద పడ్డారు. 17వ శతాబ్దం నడుమ జరిగిన ఆ యుద్ధాల్లో హ్యురాన్ల దేశం చెదిరిపోయింది. ఒకే గిన్నె దగ్గరకు కత్తి వచ్చింది, తెచ్చినవాళ్ళలో మొహాకులూ ఉన్నారు. ఆదివాసుల చరిత్ర రాసేటప్పుడు ఈ భాగం దాటవేయడం నాకు నచ్చదు. మార్కెట్టు వచ్చి ఒకే సరుకు అడిగితే మంచి కట్టుబాటు ఉన్న సమాజం కూడా ఎలా వంగుతుందో చూడాలి. మన దగ్గర ఒక్కో కాలంలో ఒక్కో సరుకుకు సంతలో ధర లేచినప్పుడు అడవిలో ఏం జరిగిందో గుర్తున్నవాళ్ళకు ఇది కొత్త కాదు.

బొచ్చు వ్యాపారంతోపాటు మశూచి వచ్చింది. 1634లో అది మొహాక్ ఊళ్ళను తాకింది. బోగార్ట్ వెళ్ళింది ఆ చలికాలమే. ఊళ్ళ దగ్గర కొత్త గోతులు చూశాడు. ఆ జబ్బుకు మొహాకుల్లో సగం కంటే ఎక్కువమంది పోయారని తర్వాతి పరిశోధకుల అంచనా.

1666 శరత్కాలంలో ఫ్రెంచి సైన్యం సుమారు 1,300 మందితో వచ్చింది. మొహాకులు ఊళ్ళు వదిలి అడవిలోకి తప్పుకున్నారు. సైన్యం నాలుగు ఊళ్ళనూ, వాటిలోని మొక్కజొన్న నిల్వలనూ కాల్చేసింది. చలికాలం ముందు గాదె కాలిస్తే తుపాకీతో పని లేదు. మరుసటి ఏడాది మొహాకులు రాజీకి వచ్చారు. ఇదే ఇంకా పెద్ద ఎత్తున 1779లో జరిగింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కూటమిలోని చాలామంది, మొహాకులతో సహా, ఇంగ్లండు పక్షాన నిలిచారు. జార్జి వాషింగ్టన్ ఆజ్ఞతో జనరల్ సలివన్ సైన్యం సెనెకా, కయూగా దేశాల మీద పడి 40 ఊళ్ళు, పళ్ళతోటలు, 1,60,000 బుషెళ్ళ మొక్కజొన్న నాశనం చేశామని లెక్క రాసుకుంది. ఒలిచిన గింజల లెక్కన చూస్తే అది దాదాపు నాలుగు వేల టన్నులు. ఇరోక్వా భాషల్లో వాషింగ్టన్‌కు ఉన్న పేరు ఊళ్ళు నాశనం చేసేవాడు.

ఇక్కడ పిల్లలకు ఒక ప్రశ్న వేయవచ్చు. వాళ్ళు వేటగాళ్ళే అయితే, కాల్చడానికి అన్ని వేల టన్నుల ధాన్యం ఎక్కడిది? సేనానులకు ఆ ధాన్యం కనిపించింది. న్యాయశాస్త్రం రాసినవాళ్ళకు కనిపించలేదు. 1758లో స్విట్జర్లాండుకు చెందిన వాటెల్ జాతుల న్యాయం గురించి రాసిన పుస్తకంలో, దున్నకుండా తిరిగే వేట జాతులకు తమకు అవసరమైనదానికి మించి నేల మీద హక్కు ఉండదని వాదించాడు. అమెరికాలో నేల తీసుకున్నవాళ్ళకు ఆ వాదన చాలా పనికొచ్చింది. పొలం పని ఆడవాళ్ళు చేస్తే అది వాళ్ళ కంటికి వ్యవసాయంగా ఆనలేదు. మగవాడు నాగలి పట్టకుండా వేటకు పోతే సోమరి అన్నారు. అంటే నిచ్చెనలో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారన్నది పుస్తకంలో మాట మాత్రమే కాదు, పట్టా ఎవరికి వస్తుందన్న సంగతి.

1783లో ఇంగ్లండు, అమెరికా సంధి చేసుకున్నప్పుడు అందులో ఈ జాతుల పేరైనా లేదు. మొహాక్ లోయ పోయింది. థాయెండనేగియా అనే జోసెఫ్ బ్రాంట్ వెంట చాలామంది కెనడాలోని గ్రాండ్ నదికి వెళ్ళారు. 1784లో ఆ నదికి రెండు వైపులా ఆరేసి మైళ్ళ చొప్పున నేల ఇస్తామని రాసిచ్చారు. ఇప్పుడు అందులో ఇరవయ్యో వంతు వాళ్ళ చేతిలో ఉంది. మాంట్రియల్ దగ్గర గానవాగె, గానెసతాగె, సెయింట్ లారెన్స్ నది మీద ఆక్వెసాస్నె, ఇంకా కొన్ని ఊళ్ళు మిగిలాయి. గానవాగె మగవాళ్ళు 1886 నుంచి ఇనప వంతెనల పనికి, తర్వాత న్యూయార్కు ఆకాశహర్మ్యాల పనికి వెళ్ళడం మొదలుపెట్టారు. 1907లో క్విబెక్ వంతెన కూలినప్పుడు చనిపోయిన 75 మందిలో 33 మంది ఆ ఒక్క ఊరివాళ్ళు. ఇకమీదట ఊరి మగవాళ్ళంతా ఒకే పనిలో ఉండకూడదని ఆడవాళ్ళు పట్టుబట్టారని చెబుతారు. వేట నేల మారినా, ఎవరు ఎక్కడికి పోవాలో చెప్పే మాట ఇంట్లోనే ఉండిపోయింది.

ఆక్వెసాస్నె అంటే అడవికోడి రెక్కలతో నేలను దడదడలాడించే చోటు. ఊరి మధ్యనుంచి అమెరికా, కెనడా సరిహద్దు పోతుంది. 20వ శతాబ్దం నడిమిదాకా అక్కడ నది చేపే తిండి. 1954 నుంచి 1959 వరకు పెద్ద ఓడలు పోవడానికి నదిని తవ్వి, ఆనకట్ట కట్టారు. చవక కరెంటు కోసం అల్యూమినియం కర్మాగారాలు, జనరల్ మోటార్స్ పోత కర్మాగారం ఒడ్డున వెలిశాయి. ఫ్లోరైడ్ పొగకు కార్న్‌వాల్ దీవిలో ఆవుల పళ్ళు అరిగి మేయలేకపోయాయి. పీసీబీ అనే విష రసాయనం నదిలో, చేపలో, చేప తిన్న తల్లి పాలలో చేరింది. 1980లలో గాట్సీ కుక్ అనే మొహాక్ మంత్రసాని తల్లుల పాలు పరీక్ష చేయించాలని పట్టుబట్టి, శాస్త్రవేత్తల్ని ఊళ్ళోకి రప్పించింది. చేప తినొద్దని ఆడవాళ్ళకు చెప్పారు. వాళ్ళు మానేశారు. కొన్నేళ్ళకు పాలలో విషం బయటి ఊళ్ళ తల్లుల స్థాయికి తగ్గింది. కానీ చేప మానేస్తే పళ్ళెంలోకి వచ్చింది సంచిలో దొరికే తిండి, దానితో చక్కెర జబ్బు. వల అల్లడం, ఈల్ పట్టడం, వాటికి ఉన్న మాటలు, పిల్లలకు చేరకుండా ఆగిపోయాయి. చేపలో విషాన్ని కొలిచే యంత్రం ఉంది. ఈ నష్టాన్ని కొలిచేది లేదు.

బుట్టల సంగతీ అలాగే. నల్ల యాష్ చెట్టు మొద్దును కొట్టి కొట్టి పొరలు విడదీసి బుట్టలు అల్లుతారు. గింజ కడిగే బుట్ట కూడా అందులోదే. ఆసియా నుంచి సరుకుల పెట్టెల్లో వచ్చిన పచ్చ పురుగు ఒకటి ఇప్పుడు ఆ చెట్లను చంపుతోంది. వాళ్ళు గింజలు దాస్తున్నారు.

పాడేరు, చింతపల్లి, అరకు వైపు మనవాళ్ళు రాజ్మా వేస్తారు, మొక్కజొన్న వేస్తారు, గుమ్మడి పాకిస్తారు. యూరోపు ఓడలు తిరగడం మొదలయ్యాక అమెరికా ఖండం నుంచి మన కొండలెక్కిన మొక్కలివి. ముగ్గురు అక్కచెల్లెళ్ళకు ఆ నేల మీది చుట్టాలే. టీచర్లు పిల్లల్ని పొలానికి తీసుకెళ్ళి రాజ్మా వేరు పీకి బుడిపెలు చూపించవచ్చు. ఎంత మొక్కజొన్నను పిండి కొట్టించి తింటున్నారు, ఎంత కోళ్ళ దాణాకు అమ్ముతున్నారు అని ఇంట్లో అడిగి రాసుకురమ్మనవచ్చు.

ఆక్వెసాస్నెలో తల్లిదండ్రులు 1979లో సొంతంగా ఫ్రీడమ్ స్కూల్ పెట్టుకున్నారు. అక్కడ చదువు మొహాక్ భాషలోనే, మొదలయ్యేది ఆ కృతజ్ఞతా వచనంతోనే. 2013లో అల్యూమినియం కంపెనీలతో నష్టపరిహారం ఒప్పందం కుదిరినప్పుడు, నదికి జరిగిన నష్టంతోపాటు సంస్కృతికి జరిగిన నష్టాన్ని కూడా లెక్కలో చేర్చాలని వాళ్ళు వాదించి గెలిచారు. ఆ డబ్బులో కొంతతో శిష్యరికం పద్ధతి పెట్టారు. వేట, ఉచ్చులు తెలిసిన పెద్దల దగ్గర కొందరు, చేపలు, నది తెలిసినవాళ్ళ దగ్గర కొందరు, మందు మొక్కల దగ్గర కొందరు, పొలం, బుట్టల దగ్గర కొందరు. పనితోపాటు భాష. ఉచ్చు పెట్టడం నేర్చుకున్న కుర్రవాడు దాని పేరు కూడా మొహాక్‌లోనే నేర్చుకుంటున్నాడు.